బాక్సింగ్‌కి కోచ్ తప్పనిసరా? వీడియోలు చూసి నేర్చుకుంటే సరిపోదా?

వేళచ్చేరిలో ఉండే ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. కొన్ని నెలలుగా యూట్యూబ్ చూసి బాక్సింగ్ ప్రాక్టీస్ చేస్తున్నాడు. మేడ మీద పంచింగ్ బ్యాగ్ కట్టుకున్నాడు. ఇప్పుడు పోటీలకి వెళ్తానంటున్నాడు. కోచ్ నిజంగా అవసరమా, అసలు ఆయన చేసే పనేంటి, ఇంటి పక్కనున్న ఏసీ స్టూడియోలో చేర్చాలా, ఉత్తర చెన్నైలోని పాత క్లబ్‌కి పంపాలా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను సార్. ఒళ్లు గట్టిపడాలి, చెమట పట్టాలి అన్నంత వరకే అయితే కోచ్ లేకపోయినా ఫర్వాలేదు. స్కిప్పింగ్, పరుగు, షాడో బాక్సింగ్ (ఎదుట మనిషి లేకుండా గాలిలో పంచ్‌లు వెయ్యడం) ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. కానీ ఎదుటివాడు తిరిగి కొట్టడం మొదలైన రోజు నుంచి కోచ్ లేకుండా ఒక్క రౌండ్ కూడా ఆడనివ్వకండి. పోటీ అన్నాడంటే ఆ రోజు వచ్చేసినట్టే. స్టూడియోనా క్లబ్బా అన్నది ఆ తర్వాతి మాట. స్పారింగ్ (ఇద్దరు రింగ్‌లో ప్రాక్టీస్‌గా తలపడటం) జరిగే రోజు వెళ్లి కూర్చుంటే ఆ ప్రశ్నకి జవాబు మీకే దొరుకుతుంది.

నేను విశాఖలో ఆడి, రైల్వే ఉద్యోగం మీద పెరంబూరు వచ్చి స్థిరపడ్డవాణ్ణి. సాయంత్రాలు పిల్లలకి నేర్పిస్తాను. కాబట్టి ఇదంతా రింగ్ పక్కన నిలబడి చూసిన అనుభవంతో చెప్తున్నదే.

ముందు వీడియోల సంగతి. అందులో చెప్పేది తప్పని నేను అనను, చాలా మంచి వీడియోలు ఉన్నాయి. ఇబ్బంది ఎక్కడంటే, మీవాడు వీడియోని చూస్తాడు, వీడియో మీవాణ్ణి చూడదు. జాబ్ (ముందు చేత్తో వేసే సూటి పంచ్) వేశాక చెయ్యి బుగ్గ దగ్గరికి రాకుండా ఛాతీ దగ్గర ఆగిపోతోందని వాడికి తెలియదు. అద్దం ముందు చేసినప్పుడు సరిగ్గానే వస్తుంది. మూడో రౌండ్‌లో ఊపిరి అందనప్పుడు కిందికి జారుతుంది. ఆ సమయంలో ఎవరూ అద్దం చూసుకోరు. కోచ్ చూసేది అప్పుడే.

కొత్త పిల్లవాడు వస్తే నేను చేతులు చూడను, పాదాలు చూస్తాను. పక్కకి కదిలేటప్పుడు కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయా, వెనక మడమ నేలకి అతుక్కుపోయిందా, పంచ్ వేసేటప్పుడు బరువంతా ముందు మోకాలి మీదికి వెళ్లిపోతోందా. సొంతంగా నేర్చుకున్న వాళ్లలో దాదాపు అందరికీ వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. బ్యాగ్ తిరిగి కొట్టదు కాబట్టి అది బయటపడదు. కాళ్లు అడ్డం పడ్డప్పుడు చిన్న దెబ్బ తగిలినా మనిషి పడిపోతాడు. పడితే రిఫరీ లెక్క మొదలుపెడతాడు. దెబ్బ గట్టిదా కాదా అని ఎవరూ అడగరు.

వ్యాసర్పాడి నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. బ్యాగ్ మీద వాడి హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే పంచ్) చూస్తే ముచ్చటేసేది. కానీ మణికట్టు నొప్పి ఎప్పుడూ ఉండేది. చేతులకి బ్యాండేజ్ చుట్టకుండా ఏడాది కొట్టాడు, అదీ చిటికెన వేలి వైపు ఎముకల మీద తగిలేలా. దెబ్బ పడాల్సింది చూపుడు వేలు, మధ్య వేలు మొదళ్ల మీద. అక్కడి ఎముక ముంజేతితో వరసలో ఉంటుంది, దెబ్బ బరువుని మోస్తుంది. చిటికెన వేలి వైపు ఎముక సన్నం, అదే విరుగుతుంది. వాడి అలవాటు మాన్పించడానికి బ్యాగ్ పూర్తిగా ఆపేసి, నెలల తరబడి కోచ్ చేతులకి తొడుక్కునే ప్యాడ్స్ మీద మెల్లగా కొట్టించాల్సి వచ్చింది. కొత్తగా నేర్పడం కన్నా తప్పుగా నేర్చుకున్నది విప్పడమే ఎక్కువ కష్టం. మీ అబ్బాయి కొన్ని నెలలే చేశాడు కాబట్టి ఇంకా ఆలస్యం కాలేదు.

ప్యాడ్స్ గురించి ఒక మాట. పన్నెండు పంచ్‌లు వరసగా, టపటపా చప్పుడుతో కొట్టించడం చూడ్డానికి బాగుంటుంది. నేను మూడు, మహా అయితే నాలుగు పంచ్‌లకి మించి అడగను. మూడో పంచ్ తర్వాత గార్డ్, అంటే ముఖానికి అడ్డుపెట్టే చేతులు, ఎక్కడుందో చూసి, ఖాళీ ఉంటే ప్యాడ్‌తో అక్కడ మెల్లగా తాకుతాను. ఆ తాకిడితో పిల్లవాడికి ఎక్కడ తెరిచి ఉన్నాడో తెలుస్తుంది. మాటలతో వందసార్లు చెప్పినా అంత బాగా ఎక్కదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, స్పారింగ్. కోచ్ మంచివాడా కాదా అని తేలేది ఇక్కడే. ఎవరితో ఎవరిని దించాలి, ఎంతసేపు, ఏ షరతు మీద, ఎప్పుడు ఆపాలి అన్నవన్నీ ఆయన చేతిలో ఉంటాయి. నా దగ్గర కొత్తవాళ్లు నెలల పాటు షరతుల స్పారింగే చేస్తారు. ఇద్దరూ జాబ్ మాత్రమే వెయ్యాలి. లేదా ఒకరు కొట్టాలి, ఇంకొకరు తప్పించుకోవాలి, తిరిగి కొట్టకూడదు. బోర్ కొడుతోంది మాస్టర్ అని పిల్లలు గొణుగుతారు. గొణగనివ్వండి. కళ్లు మూసుకోకుండా పంచ్ వచ్చే దారిని చూడగలిగే వరకు వాళ్లని స్వేచ్ఛగా కొట్టుకోనివ్వను.

తండయార్‌పేట నుంచి ఒక అమ్మాయి వచ్చేది, తెలుగు కుటుంబమే. మొదటి రోజు గ్లవ్ ముఖం ముందుకి రాగానే తల తిప్పేసుకుంది. చాలామంది కోచ్‌లు అక్కడే ఈ పిల్లకి ధైర్యం లేదని తేల్చేస్తారు. అది ధైర్యానికి సంబంధించింది కాదు, అలవాటుకి సంబంధించింది. ముఖం మీదికి వచ్చేదాన్ని చూసి కన్ను మూసుకోవడం ఎవరికైనా సహజం. ఆమెకి చాలాకాలం డిఫెన్స్ మాత్రమే చేయించాను. ఇప్పుడు ఆమెతో స్పారింగ్ అంటే మగపిల్లలే జాగ్రత్త పడతారు, తల ఎక్కడా దొరకదు. తొందరపెట్టి ఉంటే రెండో వారంలోనే మానేసేది.

హెడ్‌గార్డ్ ఉంది కదా, భయమేముంది అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. దీని గురించి చాలా అపోహ ఉంది. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా, నుదురు పగలకుండా కాపాడుతుంది. లోపల మెదడు కుదుపుకి గురికాకుండా ఆపలేదు. అమెచ్యూర్ (ప్రొఫెషనల్ కాని) పోటీల్లో సీనియర్ మగవాళ్లకి 2013 నుంచి హెడ్‌గార్డ్ తీసేశారు, రియో ఒలింపిక్స్‌లో వాళ్లు అది లేకుండానే ఆడారు. పిల్లలకి మాత్రం తప్పనిసరిగా ఉండాలి. అది పెట్టుకున్నాడు కదా అని గట్టిగా కొట్టుకోనిస్తే ఆ కోచ్‌కి పని తెలియదని అర్థం. స్పారింగ్‌కి మెత్తని పెద్ద గ్లవ్స్, 14 లేదా 16 ఔన్సులవి, పిల్లవాడి బరువుని బట్టి వాడతాం. పోటీలో వాడే 10 ఔన్సుల గ్లవ్స్‌తో రోజూ స్పారింగ్ చేయించే చోటికి పంపకండి.

తలకి దెబ్బ తగిలి బౌట్ (పోటీ మ్యాచ్) ఆగిపోయిన బాక్సర్ కనీసం నెల రోజులు రింగ్‌కి, స్పారింగ్‌కి దూరంగా ఉండాలి. స్పృహ తప్పితే ఇంకా ఎక్కువ. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. చిన్న వయసు వాళ్లకి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. చిక్కేంటంటే, పిల్లలు కోచ్‌కి నిజం చెప్పరు. తలనొప్పి అంటే ఆడనివ్వరని దాస్తారు. ఇంట్లో మాత్రం దాచలేరు. అందుకే చేరిన రోజే తల్లి ఫోన్ నంబర్ తీసుకుంటాను. సరిగ్గా నిద్రపోవడం లేదా, వాంతి వచ్చిందంటున్నాడా, లైటు పడట్లేదా, చెప్పింది మర్చిపోతున్నాడా, ఊరికే విసుక్కుంటున్నాడా, ఏదైనా సరే నాకు ఫోన్ చెయ్యమంటాను. ఒకసారి ఒక తల్లి ఫోన్ చేసి, వాడు అన్నం దగ్గర కూర్చుని చెయ్యి కడుక్కున్నానా లేదా అని రెండుసార్లు అడిగాడండీ అంది. అంతే. అప్పుడే డాక్టర్ దగ్గరికి పంపాను, కంకషన్, అంటే మెదడుకి కుదుపు తగిలిందని తేలింది. దెబ్బ నా దగ్గర తగల్లేదు. ఆదివారం ఫ్రెండ్స్‌తో పార్కులో గ్లవ్స్ వేసుకుని కొట్టుకున్నారట. కోచ్ లేని స్పారింగ్ అంటే ఇదే. మీవాడికి కూడా ఈ సంగతి గట్టిగా చెప్పండి.

ఆపడం గురించి ఇంకొంచెం చెప్పాలి. 1975 అక్టోబర్ 1న మనీలాలో ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ మూడోసారి తలపడ్డారు. 14 రౌండ్లు అయ్యాయి, ఇంకొక్కటే మిగిలింది. ఫ్రేజియర్ కళ్లు వాచిపోయాయి, వచ్చే పంచ్ కనబడట్లేదు. ఆయన లేవబోతుంటే ట్రైనర్ ఎడ్డీ ఫుచ్ కూర్చోబెట్టి, ఇక చాలని రిఫరీకి చెప్పేశాడు. ఫ్రేజియర్ ఒప్పుకోలేదు. ప్రపంచ టైటిల్, మూడు నిమిషాల దూరం. అయినా ఫుచ్ కదల్లేదు. బాక్సింగ్‌లో ట్రైనర్ పనేంటని ఎవరడిగినా నేను మొదట ఈ సంగతే చెప్తాను. బాక్సర్ తనంతట తాను ఆగలేడు, ఆగకూడదనే కదా మనం నేర్పింది. కాబట్టి ఆగే బాధ్యత ఇంకొకరు మొయ్యాలి.

నేను కూడా ఒక జూనియర్ బౌట్‌లో టవల్ వేశాను, అంటే ఇక ఆపేయమని రింగ్‌లోకి టవల్ విసిరాను. కుర్రాడు నిలబడే ఉన్నాడు, పాయింట్లలో మరీ వెనకబడలేదు. కానీ వచ్చే పంచ్‌కి తల ఆలస్యంగా కదులుతోంది, కాళ్లు విడిగా నడుస్తున్నాయి. రెండో రౌండ్ మధ్యలో ఆపేశాను. వాళ్ల నాన్న అందరి ముందు అరిచాడు, తర్వాత వాణ్ణి వేరే క్లబ్‌కి మార్చేశాడు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ టవల్ వేస్తాను. మిమ్మల్ని కోరేది కూడా ఇదే సార్, ఏదో ఒక రోజు మీవాడి బౌట్‌ని కోచ్ ఆపితే ఆయన మీద కోప్పడకండి.

రింగ్ కార్నర్‌లో ఒక్క నిమిషం గురించి కూడా అడిగారు, అక్కడ ఏం చెప్తారని. అమెచ్యూర్ సీనియర్ బౌట్ అంటే మూడు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో ఒక నిమిషం విరామం. జూనియర్లకి రౌండ్ రెండు నిమిషాలే. ఆ విరామంలో ఒక్కరే రింగ్ లోపలికి వెళ్లాలి. స్టూల్ వేసి కూర్చోబెట్టి, పళ్లకి పెట్టుకునే గమ్‌షీల్డ్ తీసి కడిగి, నీళ్లు పుక్కిలింపజేసి, తడి గుడ్డతో ముఖం తుడిచే సరికే సగం సమయం అయిపోతుంది. నేను మొదటి ఇరవై సెకన్లు మాట్లాడను. ఊపిరి పీల్చుకోనిస్తాను. ఊపిరి అందనివాడికి మాట అందదు. తర్వాత ఒక్క విషయం, గట్టిగా రెండు. వాడు కుడిచెయ్యి దించుతున్నాడు, జాబ్ తర్వాత ఎడమ హుక్, అంతే. ఐదు విషయాలు చెప్పే కోచ్‌ని చూస్తే ఆయనే టెన్షన్‌లో ఉన్నాడని తెలిసిపోతుంది. రౌండ్ జరిగేటప్పుడు కుర్చీలోంచి లేచి అరవడానికి వీల్లేదు, హెచ్చరిస్తారు, బయటికి కూడా పంపేస్తారు. కాబట్టి నేర్పాల్సిందంతా ముందే నేర్పేసి ఉండాలి. కార్నర్‌లో గుర్తు చెయ్యడమే తప్ప నేర్పడం ఉండదు.

ఎలా చెప్పాలన్నది మనిషిని బట్టి మారుతుంది. 1981లో షుగర్ రే లియొనార్డ్, టామీ హెర్న్స్ ఫైట్‌లో లియొనార్డ్ ట్రైనర్ ఏంజెలో డండీ 13వ రౌండ్‌కి ముందు తన బాక్సర్‌ని కార్నర్‌లోనే కేకలేశాడు, చేతిలో ఉన్నది పోగొట్టుకుంటున్నావని. లియొనార్డ్ లేచి వెళ్లి హెర్న్స్‌ని చిత్తుచేశాడు, 14వ రౌండ్‌లో ఫైట్ ముగిసింది. అది చూసి ప్రతి కుర్రాడి మీదా అరిస్తే కుదరదు. కేకేస్తే లేచేవాడు ఉంటాడు, కేకేస్తే బిగుసుకుపోయేవాడు ఉంటాడు. ఏడాది పాటు రోజూ చూస్తే తప్ప ఎవరు ఎలాంటివాడో తెలియదు. పోటీకి వారం ముందు కోచ్‌ని మార్చకండి అని నేను అనడానికి కారణం ఇదే.

భాష సంగతి కూడా. ఇక్కడి క్లబ్బుల్లో తమిళమే నడుస్తుంది. మీవాడు చెన్నైలోనే పెరిగితే ఇబ్బంది ఉండదు. ఈ మధ్యే నెల్లూరు వైపు నుంచో, తిరుపతి నుంచో వచ్చిన పిల్లలకి మొదట్లో తడబాటు ఉంటుంది. అలసిపోయినప్పుడు రెండో భాష బుర్రకి ఎక్కదు. అలాంటి పిల్లలకి నేను కార్నర్‌లో తెలుగులోనే చెప్తాను.

బరువు తగ్గించే విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. తక్కువ బరువు విభాగంలో ఆడితే గెలుపు సులువని, ప్లాస్టిక్ కవర్లు, రెయిన్‌కోట్లు వేయించి మెరీనా ఇసుకలో పరిగెత్తించేవాళ్లు ఇంకా ఉన్నారు. చెన్నై ఉక్కపోతలో మామూలుగానే చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. దాని మీద ప్లాస్టిక్ వేస్తే వడదెబ్బ కోరి తెచ్చుకున్నట్టే. పైగా ఒంట్లో నీళ్లు లేనప్పుడు తలకి తగిలే దెబ్బ ఇంకా ప్రమాదం. 14 ఏళ్లవాడు ఎదుగుతున్నాడు, ఏ బరువు ఉంటే ఆ బరువులోనే ఆడాలి. నీళ్లు మాన్పించే కోచ్ ఎంత పేరున్నవాడైనా దణ్ణం పెట్టి వచ్చేయండి.

కోచ్ అవసరం అంటున్నానని కోచ్ ఏం చేసినా సరే అని కాదు. కర్రతో కొట్టేవాళ్లు, బూతులు తిట్టేవాళ్లు ఈ ఆటలో ఉన్నారు. క్రమశిక్షణ పేరుతో అది చెల్లదు. తల్లిదండ్రులు లోపలికి రాకూడదు అనే చోట చేర్చకండి. ఆడపిల్లలైతే ఇంకా జాగ్రత్త, ప్రాక్టీస్ అందరికీ కనబడే చోట జరగాలి, పోటీలకి ఊరు వెళ్తే మహిళా కోచ్‌గానీ ఇంట్లోవాళ్లుగానీ వెంట ఉండాలి. ఇంకొకటి, గాయానికి మందు, తిండికి పొడులు కోచ్ రాసివ్వకూడదు. అది డాక్టర్ పని.

మంచి కోచ్‌కి తన హద్దు కూడా తెలుస్తుంది. మన నిఖత్ జరీన్‌నే చూడండి. నిజామాబాద్‌లో తండ్రి ప్రోత్సాహంతో మొదలుపెట్టి, అక్కడ షంషాముద్దీన్ గారి దగ్గర నేర్చుకుంది. 2009లో విశాఖ సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు పొందిన ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లింది. 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది, 2022లోనూ 2023లోనూ సీనియర్ ప్రపంచ టైటిల్స్ గెలిచింది. మొదట చెయ్యి పట్టి నిలబెట్టిన గురువు ఒకరు, పైకి తీసుకెళ్లినవారు ఇంకొకరు. నా దగ్గరున్న పిల్లలు నాకే అంటిపెట్టుకుని ఉండాలి అనుకునే కోచ్ వాళ్ల ఎదుగుదలకే అడ్డం.

ఇక స్టూడియోనా క్లబ్బా. రాయపురం, కాసిమేడు, వ్యాసర్పాడి వైపు బాక్సింగ్ తరాలుగా ఉంది. 1994లో బ్యాంకాక్ ప్రపంచ కప్‌లో కాంస్యం తెచ్చిన దేవరాజన్ చెన్నైవారే. అక్కడ స్పారింగ్‌కి సరిజోడి దొరుకుతుంది, ఇది చాలా పెద్ద లాభం. స్టూడియోల్లో పెద్దవాళ్లు, ఫిట్‌నెస్ కోసం వచ్చేవాళ్లు ఎక్కువ, మీవాడి వయసు, బరువు ఉన్నవాళ్లు నలుగురు దొరకడం కష్టం. ఒక స్టూడియోలో కొత్తగా చేరిన స్కూలు కుర్రాణ్ణి, ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కలిపి రింగ్‌లోకి దించడం నేను కళ్లారా చూశాను. అలాగని స్టూడియోలన్నీ అంతే కాదు, పటియాలా ఎన్ఐఎస్‌లో (జాతీయ క్రీడా శిక్షణ సంస్థ) కోచింగ్ డిప్లొమా చేసి వచ్చి శ్రద్ధగా నేర్పేవాళ్లూ ఉన్నారు. పాత క్లబ్బులన్నీ గొప్పవీ కాదు. పోటీ కావాలంటే మాత్రం జిల్లా బాక్సింగ్ సంఘంతో సంబంధం ఉందా అని ముందే అడగండి. అది లేకపోతే ఎంత బాగా నేర్పినా పేరు పంపే దారి ఉండదు.

వెళ్లి ఒక గంట కూర్చున్నప్పుడు ఏం చూడాలంటే, కోచ్ కళ్లు రింగ్ మీద ఉన్నాయా, ఫోన్ మీద ఉన్నాయా. జోడీలని బరువు, అనుభవం చూసి కలుపుతున్నాడా. ఒకడు కోపంతో కొట్టడం మొదలుపెడితే ఎంతసేపటికి ఆపాడు. ఓడినవాడి దగ్గరికి వెళ్లి ఏమైనా చెప్పాడా. ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఎక్కడుందని అడగండి, వెతుక్కుంటున్నారంటే లేనట్టే. ఇవన్నీ బాగుంటే ఏసీ ఉన్నా లేకపోయినా చేర్చేయండి. వేళచ్చేరి నుంచి రాయపురం రోజూ అంటే ప్రయాణంలోనే పిల్లవాడు అలసిపోతాడు, కాబట్టి దగ్గర్లో ఇలాంటిది దొరికితే అదే మేలు. పేరు కోసం దూరం పంపనక్కర్లేదు.

పోటీ ఎప్పుడు అంటే, నా లెక్కలో చేరినప్పటి నుంచి కనీసం ఏడాది. 13, 14 ఏళ్లవాళ్లు ఒక విభాగం, 15, 16 జూనియర్, 17, 18 యూత్. పుట్టిన సంవత్సరం చూస్తారు, వయసు ధ్రువపత్రం, డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ పత్రం అడుగుతారు. అంటే ఏడాది తర్వాత మీవాడు నేరుగా జూనియర్‌లో మొదలుపెడతాడు, అదేం నష్టం కాదు.

వచ్చే ఏడాది పదో తరగతి కదా, అప్పుడు వారానికి మూడు రోజులు చాలు. పరీక్షల ముందు రెండు నెలలు రింగ్ పూర్తిగా ఆపి, పొద్దున్నే పరుగు, స్కిప్పింగ్ మాత్రం ఉంచండి. తిరిగి వచ్చాక మొదటి రెండు వారాలు స్పారింగ్ ఉండదని కోచ్ తనంతట తానే చెప్తే మీరు సరైన మనిషి దగ్గరే చేర్చారు. మేడ మీది బ్యాగ్‌ని తీసేయక్కర్లేదు, కోచ్ సరే అనేవరకు దాని జోలికి వెళ్లకుండా చూడండి. చుట్టుపక్కల రెండు మూడు చోట్లు చూసి వచ్చాక అక్కడ ఏం గమనించారో రాయండి, నాకు తెలిసినంతలో చెప్తాను.